నిలవ సరుకు

మే నెల. బయట నలభై ఆరు.
లోపల, మూడో గదిలో, నాలుగు.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
స్వెట్టరు మీద తువ్వాలు చుట్టుకుని
టిక్కీలు లెక్కపెడుతున్నాను.

లండన్ కంపెనీ మనిషి నిన్న వచ్చి
తేజ రకం గుప్పెట్లో నలిపి, ఏడు తుమ్ములు తుమ్మి,
పోతూ పోతూ ఒక బొమ్మ కార్డు ఇచ్చాడు.
నదిలో లంగరేసిన యుద్ధనౌక.
బూడిద రంగూ నీలం రంగూ
అతుకుల బొంత కప్పుకున్నట్టు.
టిక్కెట్టు కొని ఎక్కొచ్చట.

వెనక రాసుంది,
మంచు సముద్రంలో సరుకు ఓడలకి కాపలా కాసిందని.

సరుకు ఓడలు.
నా వేలు అక్కడ ఆగింది.

మా దాదా దరియా హుస్సేన్,
సంగడిగుంట మనిషి,
పొగాకు బేళ్ల వెంట బందరు పోయి కలకత్తాలో తేలాడు,
కలకత్తాలో వేలిముద్ర వేసి ధ్రువం కింద తేలాడు.
పేరులో దరియా ఉంటే సముద్రం ఊరుకుంటుందా
అనేది మా దాదీ, తమలపాకు ఈనె తీస్తూ.

ఓడ అడుగున బొగ్గెత్తే పని.
పైన మంచు పేరుకుని ఓడ తల బరువెక్కితే
గొడ్డళ్లతో నరికి సముద్రంలోకి తోసేవాళ్లట.
కింద ఈయన, ఒంటిమీద చొక్కా లేకుండా.
"పైన ధనుర్మాసం, కింద రోహిణి కార్తె,
మధ్యలో నిచ్చెన, పద్నాలుగు మెట్లు."
మెట్లు మాత్రం ప్రతిసారీ వేళ్ల మీద లెక్కపెట్టేవాడు.

ఈ క్రూజరుని ఆయన చూడనే లేదు.
డిసెంబరు. పగలు పుట్టని నెల.
ఎక్కడో చీకట్లో ఓడలు ఓడని వేటాడుతుంటే
ఈయనకి అందింది అరచేతికి మాత్రమే.
గోడకి చెయ్యి ఆనిస్తే
దడ్.
చాలాసేపటికి, దడ్.
"అది మనదేనా?" అన్నాట్ట భయంగా.
"మనది పార. ఆడించు," అన్నాట్ట పక్కవాడు.

అవతలి ఓడ మునిగిందని తర్వాతెప్పుడో తెలిసింది,
దాదాపు రెండు వేల మందితో.
ఈ ముక్క చెప్పేటప్పుడు బీడీ ఆర్పేసేవాడు.
"దాని అడుగునా ఎవడో ఒకడుంటాడు కదరా,
ఏ గుండు ఎవరిదో తెలీకుండా."
గెలిచామా దాదా అంటే
చెవిటి చెవి నా వైపు తిప్పేవాడు.

ముర్మాన్స్క్ రేవులో
సరుకు దించడానికి ఆడవాళ్లొచ్చారట.
మొలలో దాచుకున్న ఎండుమిరప ఒకటి
ఒకామెకిచ్చాడు.
కొరికింది. తిట్టింది.
మళ్లీ చెయ్యి చాపింది.
యుద్ధం మొత్తంలో ఆయన నవ్వుతూ చెప్పిన సంగతి ఇదొక్కటే.

ఓడ ముందు ఫిరంగుల్ని
ఊరవతల హైవే మీద టీ తాగే చోటుకి
గురిపెట్టి ఉంచారట ఇప్పుడు.
కంపెనీ మనిషే చెప్పాడు, కళ్లు తుడుచుకుంటూ.
పన్నెండు మైళ్లు.
లెక్కేశాను, మన యార్డు గేట్లో పేలిస్తే
కాజ టోల్‌గేటు అవతల ఇడ్లీబండి లేచిపోద్ది.

మా ఇంట్లో నిలవంటే గోంగూర,
నూనె పైకి తేలి, జాడీ మూతికి గుడ్డ.
ఇక్కడ నిలవంటే ధర లేచేదాకా ఆగిన కాయ.
వాళ్లు కాపలా ఓడని నిలవ పెట్టుకున్నారు,
ఏటేటా రంగేసి, తుప్పు గీకి.
తప్పనను.
అది లేకపోతే దాదా లేడు, నేనూ లేను,
ఈ టిక్కీలు ఇంకెవడో లెక్కపెట్టేవాడు.
కానీ ఆయన ఓడని కోసి అమ్మారు,
ఏ ఊరి గునపంలో ఉందో, ఏ వంతెన బోల్టులో ఉందో.
పార సంగతి అడిగేవాడే లేడు.

కార్డు ధరల బోర్డు పక్కన మేకుకి గుచ్చాను.
సాయంత్రానికి ఫిరంగుల మీద ఎర్రటి దుమ్ము.
హమాలీ నాసరయ్య బస్తా దించకుండానే
మెడ తిప్పి చూశాడు.
"ఎవరిదన్నా ఆ ఓడ?"
కాపలావాళ్లది అన్నాను.
"మరి సరుకోళ్లది?"

గుమ్మంలో నిలబడి ఉన్నాడు,
వీపు ఎండలో, మొహం చలిలో.

ముందు లోపలికి రా, తలుపెయ్యి అన్నాను,
చలంతా బయటికి పోతోంది.